మేనమామ కారుకు వెడల్పు చక్రాలు

మొన్న మా మౌనిక పెళ్లి వీడియో చూసి మీరంతా పడీ పడీ నవ్వినారంట కదా! నవ్వండి, నవ్వండి. కాని మీరు చూసింది చివరి రెండు నిమిషాలే. అంతకు ముందు ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నేను పడిన పాట్లు ఆ వీడియోలో యాడ ఉన్నాయి? ఆ కథ నా నోటితోనే వినాల. టీ రానీండి, చెప్తా.

నా అంబాసిడర్ మీకు తెలియంది కాదు. తెల్లది, పాత మోడల్, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. మెడికల్ షాపు షట్టర్ దించినాక నేను దాని మొహం చూసి, ఆ తర్వాతే మా పద్మ మొహం చూస్తానని మా ఇంట్లో ఒక ఫిర్యాదు ఎప్పుడూ పెండింగులో ఉంటుంది. అట్లాంటి కారు ఉండగా, మా అక్క కూతురు మౌనిక పెళ్లికి మా బావ ఏసీ కారు మాట్లాడబోయినాడు. నాకు రోషం వచ్చింది. మా ఇళ్లలో పెళ్లికూతురిని మంటపానికి తీసుకుపోయేది మేనమామే. "నా మేనకోడలు వేరేవాళ్ల కార్లో పోయేదేంది బావా? టయానికి తీసుకొచ్చే బాధ్యత నాది" అని అందరి ముందూ మాట ఇచ్చేసినాను. మాట ఇచ్చినంత సేపు బాగానే ఉన్నింది.

ఇక కారును పెళ్లికి ముస్తాబు చేయాల కదా! ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టినా. ఎవరో పాత అంబాసిడర్లకి ఈ వెడల్పు అల్లాయ్ వీల్స్ వేసుకొని, లావు టైర్లతో ఝామ్మని తిప్పుతున్నారు. అబ్బ! ఏం లుక్కు! నా కారు సన్న చక్రాల మీద నిలబడుంటే నాకే జాలి వేసింది. మా మెకానిక్ మస్తాన్ దగ్గరికి పోయి వీడియో చూపించినా. వద్దంటాడేమో అనుకుంటే, వాడు నాకంటే ముందు పడిపోయినాడు.

"అన్నా, ఏయ్! ఇది ఏసినామంటే ఎమ్మిగనూరు మొత్తం తిరిగి చూస్తాదన్నా!"

అది మాత్రం నిజమే అయింది. చూసింది.

పెళ్లికి మూడు రోజులుందనగా బిగించినాం. టైర్లు బాడీ దాటి నాలుగు వేళ్లు బయటికి వచ్చినాయి. మస్తాన్ చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. నేనూ తీసుకున్నా. ఇంటి ముందు ఆపి హారన్ కొడితే పద్మ గుమ్మంలోకి వచ్చి చూసింది, నడుము మీద చేయి పెట్టుకుంది.

"ఏమయ్యా, ఇది కాళ్లు సాపుకొని కూర్చున్నట్టుందేంది?"

"స్టైల్ పద్మా, స్టైల్!"

"స్టైల్ సరే. బండి బాగా పోతాందా, చూస్తివా?"

చూసినా! చూడకుండా ఉంటానా? బైపాస్ మీద పోయి వచ్చినా. స్టీరింగు కొంచెం గట్టిగా తిరిగింది, రోజూ తిప్పితే చేతులకు మంచిదేలే అనుకున్నా. మిగతాదంతా నెయ్యి పోసినట్టు పోయింది. ఇక్కడే ఉంది నా తెలివి. నేను ఒక్కడినే పోయినా! మన వైపు అంబాసిడర్లో ఒక్క మనిషి ఎక్కింది ఎప్పుడన్నా చూసినారా? వెనకాల నలుగురు, ముందర ముగ్గురు, డిక్కీలో సామాను, ఒళ్లో ఒక చంటిది, ఇదీ మన లెక్క. అట్లాంటి బండిని నేను ఖాళీగా తోలి చూసి పాస్ చేసినా.

పెళ్లి రోజు పొద్దున. ముహూర్తం పదిన్నరకి, ఎమ్మిగనూరులో కల్యాణ మంటపం. అక్కా బావా, చుట్టాలూ బస్సులో ముందే వెళ్లిపోయినారు. వెనకాల పెళ్లికూతురితో నేను రావాల. మౌనికకి ఒడిబియ్యం కట్టినారు. మా నాగమ్మ పెద్దమ్మ, ఎనభై దాటిన మనిషి, పిడికెడంత ఉంటుంది, మా ఇళ్లలో ఆచారాలకి ఆమే సుప్రీం కోర్టు. పిల్లను కార్లో కూర్చోబెడుతూ అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఒడి కట్టుకొని గడప దాటినాక పిల్ల మంటపం కాడనే దిగాల. నడిమధ్యలో కాలు కింద పెట్టకూడదు. ఇనపడెనా?"

"ఇనపడింది పెద్దమ్మా. నా బండి యాడా ఆగదు" అన్నా. ఆ మాట ఎందుకన్నానో!

వెనక సీట్లో మౌనిక, పెద్దమ్మ, పద్మ, పెద్దకడుబూరు నుంచి వచ్చిన పెద్దత్త. ముందర నా పక్కన ఆమె చెల్లెలు చిన్నత్త, ఆమె కాళ్ల దగ్గర టెంకాయల మూట. అత్తలిద్దరూ బాగా ఆరోగ్యంగా ఉన్న మనుషులు, అంతవరకే చెప్తా. డిక్కీలో లడ్ల గంపలు, బిందెలు, పిల్ల ట్రంకు. ఇవన్నీ పట్టాలని స్టెప్నీ టైరు తీసి ఇంట్లోనే పెట్టేసినా. కొత్త టైర్లకి స్టెప్నీతో ఏం పని అని!

ఊరు దాటే దాకా రాజాలాగ పోయినాం. జనం తిరిగి చూస్తున్నారు. నేను ఒక చేయి కిటికీ మీద పెట్టినా. మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముందర చక్రాలు దాటినాయి. వెనకాలవి ఎక్కి దిగినాయో లేదో...

గర్ర్ర్ర్ర్!

"ఏంది మామా అది?" అంది మౌనిక.

"ఏమీ లేదు తల్లీ, రోడ్డు."

కొంచెం దూరం పోయినాక చిన్న గుంత. మళ్లీ గర్ర్ర్! ఈసారి వాసన కూడా వచ్చింది. పెద్దమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్‌రా, ఎవురన్నా సెప్పులు కాలుస్తాండారా?"

అద్దంలో చూస్తే వెనకాల సన్నగా పొగ. పక్కకు ఆపి దిగి చూసినా. మనుషుల బరువుకి వెనక భాగం కిందికి కూర్చునింది, బాడీ అంచు వచ్చి టైరు మీద పడింది, టైరును కొరుక్కు తింటాంది! కుడిపక్క టైరు మీద వేలు పట్టేంత గాడి పడింది. మస్తాన్‌కి ఫోన్ కొట్టినా.

"మస్తానూ, టైరు బాడీకి రాస్తాందిరా!"

"ఎట్ల రాస్తాదన్నా? నేను తోలి చూస్తి కదా!"

"ఎంతమందితో చూస్తివి?"

"నేను ఒక్కన్నే చూస్తినన్నా. నువ్వు?"

"నేనూ ఒక్కన్నే!"

"అయితే బరువు దించన్నా. ఫికర్ నక్కో, మెల్లగా పోతాది."

ఫికర్ వద్దంట! వాడు షెడ్డులో కూర్చొని టీ తాగుతున్నాడు, నేను రోడ్డు మీద పెళ్లికూతురితో నిలబడినా. టైం తొమ్మిది దాటింది. ఆ టైరు పగిలితే? స్టెప్నీ లేదు! పిల్ల కింద కాలు పెట్టకూడదు! మంటపంలో పంతులు గడియారం చూసుకుంటుంటాడు!

దేవుడి దయ, ఎమ్మిగనూరు పోయే షేర్ ఆటో ఒకటి వచ్చింది. లడ్లు, బిందెలు, ట్రంకు, టెంకాయలు, అత్తలిద్దరినీ అందులోకి ఎక్కించినా. పెద్దత్త ఎక్కుతూ ఎక్కుతూ ఒక మాట అనింది.

"పెండ్లికూతురితో కార్లో వస్తామని మా ఊర్లో అందురికీ సెప్పి వస్తిమప్పా!"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. చేతులు జోడించి పంపించేసినా.

ఇప్పుడు బండి కొంచెం లేచింది. మెల్లగా పోతున్నాం. గుంత కనపడితే చాలు నేను ఊపిరి బిగబట్టుకుంటున్నా, గాలి పీల్చుకోకపోతే బరువు తగ్గుతుందన్నట్టు! ఇంతలో మా బావ ఫోన్.

"యాడుండావప్పా? పెండ్లికొడుకు వచ్చి కూర్చున్నాడు."

"వస్తాండాం బావా, దగ్గరికి వచ్చేసినాం!" అని పచ్చి అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేసినా. పెట్టేసేటప్పుడు ఒక్క క్షణం రోడ్డు మీద నుంచి కళ్లు పక్కకు పోయినాయి. అంతే! గుంతలో దభీమని పడినాం. కింద నుంచి టప్పుమని శబ్దం. కారు కుడిపక్కకు ఒరిగింది.

దిగి పండుకొని చూసినా. పట్టు పంచె కట్టుకొని రోడ్డు మీద వెల్లకిలా! వెనకాల కుడిపక్క కమాన్ పట్టీల్లో, అదే బండి బరువు మోసే ఆ ఇనప పట్టీల్లో, ఒకటి విరిగింది. వీడియో కాల్ పెట్టి మస్తాన్‌కి చూపించినా. వాడు ఈసారి టీ పక్కన పెట్టినట్టుంది, గొంతు మారింది.

"అన్నా, మెయిన్ పట్టీ బాగుండాది. పోతాది. అయితే కుడిపక్క బరువు పడకూడదు. పడిందంటే టైరు కోసేస్తాది."

"కుడిపక్క ఎవరున్నారురా? పద్మను దించేస్తా."

"పద్మక్క కాదన్నా..." వాడికి చెప్పాలంటే మొహమాటం. "స్టీరింగు కాడ కూర్చునేది ఎవురన్నా?"

ఆ మాట స్పీకర్లో అందరికీ వినపడింది. పద్మ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. అంటే కారుకి ఇప్పుడున్న బరువులన్నిట్లో పెద్ద బరువు నేనే అన్నమాట!

"నేను దిగితే తోలేదెవరురా?" అన్నా.

ఇంతలో ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దించి వెనక్కి పోతున్న గూడ్సు బండి ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. డ్రైవరు సన్నగా, ఊదితే పడిపోయేటట్టు ఉన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "అప్పా, నువ్వు ఈ కారు తోలు, నేను నీ బండి తోలుతా" అని బతిమాలినా. పాపం, ఒప్పుకొని కూర్చున్నాడు. సీటు పక్కన ఎడమ చేత్తో వెతికినాడు. కింద వెతికినాడు.

"అన్నా, గేరు యాడుండాది?"

"స్టీరింగు పక్కన. ఆ కడ్డీ."

పట్టుకొని లాగినాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్లీ లాగినాడు. ఈసారి వెనక్కి గెంతింది. పెద్దమ్మ "ఓరి దేవుడా" అని ముందు సీటు పట్టుకుంది. ఆయన చల్లగా దిగిపోయినాడు.

"నాతో కాదన్నా. పెండ్లికూతురు లోపలుండాది, నాకు భయమైతాంది."

పది కావస్తాంది. మా అక్క మొహం కళ్ల ముందు కనపడింది. మంటపంలో మగపెళ్లివాళ్లు ఏమనుకుంటున్నారో! బస్సులో పోయినా, ఎద్దుల బండిలో పోయినా పిల్ల ఈ పాటికి చేరేది. నా షోకు కోసం పిల్ల పెళ్లి రోడ్డు మీద నిలబెట్టినా. నిజం చెప్తున్నా, నాకు ఏడుపు వచ్చింది. "పెద్దమ్మా, ఈ ఒక్కసారికి పిల్లను కిందికి దింపుదాం, ఆ గూడ్సు బండిలో ఎక్కిద్దాం" అన్నా.

"దిగితే ఊరుకోను. మీ అమ్మ దిగల్యా, మీ అక్క దిగల్యా. ఇది దిగుతాదా?" అంది పెద్దమ్మ.

అప్పుడు వెనక సీట్లోంచి మౌనిక మెల్లగా అంది. "మామా, నేను తోలుతాలే."

అందరం ఆమె దిక్కు చూసినాం. నిజమే! కాలేజీ సెలవుల్లో ఇదే కారు మీద నేనే నేర్పించినా, ఆ గేరు దానికి వెన్నతో పెట్టిన విద్య. కాని పట్టుచీర, పూలజడ, బాసికం, చేతుల నిండా గాజులు, ఒడిలో బియ్యం... పెళ్లికూతురు కారు తోలుకుంటూ పోవడమా? అందరం సుప్రీం కోర్టు మొహం చూసినాం. పెద్దమ్మ తీర్పు వచ్చేసింది.

"దిగకూడదని మా అవ్వ సెప్పింది. తోలకూడదని ఎవురూ సెప్పల్యా" అంది. "రా మే, సీటు దాటు!"

ఇక చూడండి ఆ సర్కస్! కిందికి దిగకుండా వెనక సీటు నుంచి ముందు సీటుకి రావాల. పద్మ ఒడిబియ్యం మూట పట్టుకుంది, నేను కిటికీలోంచి జడ పట్టుకున్నా, పెద్దమ్మ వెనకాల నుంచి తోస్తాంది. గూడ్సు బండాయన మర్యాదగా అటు తిరిగి నిలబడినాడు. మొత్తానికి వచ్చి పడింది. బాసికం సర్దుకొని, చెప్పులు తీసి పక్కన పెట్టి, స్టీరింగు పట్టుకొని అద్దం తనకు తగినట్టు తిప్పుకుంది. పెద్దమ్మ ఎడమపక్కకు జరిగి డోరు పట్టుకొని కూర్చుంది. పిల్లను ఒంటరిగా పంపనని ఆమె పట్టు, ఆమె బరువు టెంకాయల మూటంత కూడా లేదు కాబట్టి సరే అన్నాం.

"భయంగా లేదా తల్లీ?" అన్నా.

"నువ్వట్ల సూస్తాంటేనే భయంగా ఉండాది మామా. నువ్వు వెనకాల రా."

కారు కదిలింది. గర్రుమనలేదు! నేనూ పద్మా గూడ్సు బండి ఎక్కినాం. పద్మను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, నేను వెనకాల పత్తి పీచులో నిలబడి, క్యాబిన్ పట్టుకొని కారును చూస్తూ వస్తున్నా. నా కళ్లు ఆ కుడిపక్క టైరు మీదనే. అది ఒక్కసారి ఊగితే నా గుండె రెండుసార్లు ఊగుతాంది. "గుంత! గుంత ఉండాది!" అని ఇక్కడ నుంచి అరుస్తున్నా, మౌనికకి వినపడేదా ఏమన్నానా? అది నాకంటే బాగా తప్పించుకుంటూ పోతాంది. ఎదురొచ్చే లారీవాళ్లు పెళ్లికూతురిని చూసి హారన్లు కొడుతున్నారు. పెద్దమ్మ కిటికీలోంచి చేయి బయట పెట్టి, పక్కకు తప్పుకోమని వాళ్లకు సైగ చేస్తాంది.

ఎమ్మిగనూరులోకి రాంగానే జనం ఫోన్లు పైకెత్తినారు. మీరు చూసిన వీడియో అక్కడ మొదలు! మంటపం ముందర బ్యాండు వాయిస్తున్న వాళ్లు కారును చూసి జోరు పెంచినారు, స్టీరింగు దగ్గర బాసికం చూసి వాయించడం ఆపేసినారు. మగపెళ్లివాళ్లంతా బయటికి వచ్చినారు. మా బావ పరిగెత్తుకొచ్చి కారులోకి తొంగి చూసినాడు. అప్పటికి నేనెక్కిన గూడ్సు బండి కూడా వచ్చి ఆగింది కాబట్టి నా చెవులతోనే విన్నా.

"అమ్మా, నువ్వు తోలుకొస్తివా! మీ మామ యాడ?"

"వెనకాల, పత్తి బండిలో ఉండాడు నాయినా."

దూకినా. పంచెకు రోడ్డు దుమ్ము, తల నిండా పత్తి, పట్టు చొక్కా చంకల దాకా తడిసిపోయింది. అంతమందీ నన్ను చూసినారు. పంతులు లోపల నుంచి కేకేసినాడు, "పది నిమిషాలే ఉంది, మేనమామను పిలవండయ్యా, పిల్లను తీసుకురావాల!" గంప తెచ్చినారు. మౌనిక కారులో నుంచి నేరుగా గంపలోకి కాలు పెట్టింది. ఒక పక్క నేను, ఒక పక్క నా తమ్ముడు, ఎత్తుకున్నాం. వెనకాల నుంచి పెద్దమ్మ గొంతు.

"మెల్లగా పో రా. ఈ గంపకైనా సక్రాలు ల్యావు, బతికినాం!"

పెళ్లికొడుకు తాళి కట్టినాడు. అక్షింతలు వేస్తుంటే మౌనిక తలెత్తి నా దిక్కు చూసి, నా నెత్తి మీద పత్తి ఉందని కనుసైగ చేసి నవ్వింది. నాకు ఆ నవ్వు చాలు. అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నా. కంట్లో పత్తి పడిందని చెప్పుకున్నా.

మర్నాడే మస్తాన్ వచ్చి పాత చక్రాలు పెట్టేసినాడు. కమాన్ పట్టీ కూడా మార్చినాడు. ఈసారి టెస్టు తోలేటప్పుడు షెడ్డులో ఉన్నవాళ్లందరినీ వెనకాల ఎక్కించుకున్నాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. నిన్న కోడుమూరు నుంచి ఫోన్. పెళ్లికొడుకు వాళ్ల చిన్నాయన. వాళ్ల పాపకి కూడా పెళ్లి కుదిరిందంట, ఆ రోజు నా కారు కావాలంట. నాకు ఎంత సంతోషమయిందంటే! పోయిన పరువు ఫోన్ చేసి మరీ తిరిగి వచ్చిందే అనుకున్నా.

"దానికేముందప్పా, నేనే దగ్గరుండి తోలుకొస్తా!" అన్నా.

"అయ్యో, నీకెందుకన్నా తిప్పలు!" అన్నాడాయన కంగారుగా. "కారు మా కొత్త కోడలు మౌనిక తోలుకొస్తాదిలే. నువ్వు వెనకాల ఏదన్నా బండి పట్టుకొని రా, భోజనాల యాలకు అందుకున్నా సాలు."

ఫోన్ పెట్టేసి పద్మకి చెప్పినా. కనీసం ఆమె అయినా నా తరఫున ఒక మాట అంటుందని. ఆమె కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ పత్తి బండాయన నంబరు తీసుకున్నావా? ఇప్పుడే సెప్పి పెట్టుకో, పెండ్లిళ్ల సీజన్లో దొరకడు."